లేసు చేతికి రెండు సూదులు

ఏలూరు దాటి వట్లూరు మీదుగా వెళ్తే పెదపాడు. దారి పొడవునా కంటికి ఆనేవి నీళ్లే. ఒకప్పుడు వరి ఊగిన చాలా చోట్ల ఇప్పుడు చేపల చెరువులు. గట్ల మీద కొబ్బరిచెట్లు, చెట్ల కింద మేత బస్తాలు, నీటి మీద వాలబోయి మళ్లీ లేచిపోయే కొంగలు. ఇంకాస్త దిగువకు పోతే కొల్లేరు. వేసవిలో ఇక్కడి గాలికి చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. చలికాలమంటారా... తెల్లవారుజామున ఓ దుప్పటి, పెద్దవాళ్ల తలకో మఫ్లరు. అంతే! కార్తీకం వచ్చేసరికి ఏలూరు రోడ్ల పక్కన స్వెటర్లు కుప్పపోసి అమ్ముతారుగానీ వాటిని ఏడాదికి పట్టుమని నెల్లాళ్లు వేసుకునేవాళ్లెంతమంది?

ఇలాంటి చోట ఊలు సూదుల ముచ్చటేమిటి అనిపించడం సహజం.

కానీ ఈ ఊళ్లలో ఏ అరుగు మీద కూర్చున్నా, మాట చెరువు రేటుతో మొదలై బొచ్చె, శీలావతి దగ్గర కాసేపు ఆగి, చివరికి అమెరికాకో ఆస్ట్రేలియాకో చేరుతుంది. ఇంటికొకరు కాకపోయినా వీధికి ఇద్దరు ముగ్గురి పిల్లలు అక్కడున్నారు. కూతురికో కోడలికో నెలలు నిండుతున్నాయంటే అమ్మ పెట్టె సర్దాల్సిందే. ఆవకాయ, కారప్పొడి, సున్నుండలు, పసిబిడ్డను చుట్టడానికి మెత్తటి పాత నూలు చీరలు... వీటన్నిటి మధ్య ఈమధ్య మరో కోరిక వచ్చి చేరుతోంది. జనవరిలో షికాగోలో పుట్టబోయే బిడ్డకి నూలు చీర ఏం సరిపోతుంది? తన చేత్తో ఓ ఊలు టోపీ అల్లి పట్టుకెళ్తే!

పశ్చిమగోదావరి ఆడవాళ్లకి ఆ కోరిక గొంతెమ్మ కోరికేమీ కాదు. ఎందుకంటే వాళ్లలో చాలామందికి లేసు వచ్చు.

సూది ఒకటే, బతుకు దానిమీదే

పెదపాడు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ వరకూ పశ్చిమగోదావరి జిల్లానే. అదే పాత జిల్లాకి ఆ చివర, సముద్రం పక్కన నరసాపురం. ఏలూరులో రైలెక్కి నిడదవోలు, భీమవరం మీదుగా వెళ్తే చేరుకోవచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషా అల్లిక ఆ చుట్టుపక్కల పల్లెల్లో పరిశ్రమైంది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక వీధి గుమ్మంలో కూర్చుని, ఒంపు తిరిగిన కొన ఉన్న చిన్న ఉక్కు సూదితో పువ్వులూ వలలూ అల్లే ఆడవాళ్లు అక్కడ కొత్త కాదు. ఒకరు పువ్వులు అల్లితే మరొకరు వాటిని కలుపుతారు. మొదటిది చేతిపని, రెండోది అతుకుపని. బల్లగుడ్డలై, పరుపు మీద దుప్పట్లై అవి ఓడలెక్కి దేశాలు దాటాయి.

జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1970ల చివర్లో ఆ ఊళ్లు తిరిగి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం తెచ్చారు. రోజుకు గంటల తరబడి అల్లే ఆడవాళ్లను ఎవరూ కార్మికులని అనరు, ఇంట్లో ఖాళీగా ఉండి ఏదో కుట్టుకుంటున్నారంటారు... ఆ మాట చాటునే ముక్క లెక్కన ఇచ్చే కూలి అంత తక్కువగా నిలిచిపోయిందన్నది ఆమె గమనించిన విషయం. ఆ తర్వాత 2000ల్లో నరసాపురం పక్కన సీతారామపురంలో లేసు వ్యాపార కేంద్రం వచ్చింది. 2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు కాగితానికీ చేతికొచ్చే కూలికీ మధ్య దూరం మాత్రం ఇంకా చాలానే ఉంది.

ఆ వైపు నుంచి పెళ్లయి ఏలూరు వైపు వచ్చిన ఆడపిల్లలు పుట్టింటి నుంచి ఆ సూదినీ వెంట తెచ్చుకుంటారు. అలాంటి ఓ ఇల్లాలు పెదపాడులో ఉందనుకుందాం. నలభై ఏళ్లుగా లేసు అల్లిన చెయ్యి. ఫోన్లో కూతురితో అంటుంది: ''దాన్దేముందే, సూది ఒకటి బదులు రెండు. నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది.''

వస్తుంది. కాకపోతే ఆ నాలుగు రోజులూ ఏ సూదులతో మొదలుపెట్టిందన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. సరిపడని సూదులతో నాలుగో రోజుకి ఊలు అటకెక్కుతుంది. అంతకంటే ముఖ్యం... వయసు మీదపడిన ఆ వేళ్లు ఇప్పటికే చాలా పని చేశాయి. వాటిని కొత్తగా నొప్పి పెట్టకూడదు.

బనియను చూస్తే తెలుస్తుంది

లేసుకీ స్వెటర్ అల్లికకీ తేడా ఏమిటి? ఓ పాత బనియను తీసి వెలుతురుకి పెట్టి సాగదీసి చూడండి. దారం ఉచ్చులు ఉచ్చులుగా, నిలువు వరసలుగా ఒకదాంట్లోంచి ఒకటి దూరి ఉంటాయి. అదే నిట్టింగ్. తిరుప్పూరులో యంత్రం చేసే పనిని స్వెటర్ అల్లే మనిషి రెండు సూదులతో చేస్తుంది. అందుకే అది సాగుతుంది, తలకి పట్టి ఉంటుంది. క్రోషాలో ఎప్పుడు చూసినా సూది మీద ఉండేది ఒకటో రెండో ఉచ్చులు. మిగతావన్నీ ముడిపడిపోయినట్టే లెక్క. సూది తీసి పక్కన పెట్టి, పొయ్యి మీద పాలు దించి వచ్చినా ఏమీ కాదు. నిట్టింగ్‌లో అలా కుదరదు. అరవై కుట్ల వెడల్పు ఉంటే అరవై ఉచ్చులూ సూది మీదే ప్రాణాలతో ఉంటాయి. ఒకటి జారిందా... కింది వరస, దాని కింది వరస, అలా నిచ్చెనలా ఊడుకుంటూ పోతుంది.

కొల్లేరు మనిషికైతే ఇంకో మాటలో చెప్పొచ్చు. వలలో ప్రతి కన్నూ ముడే. ఒక కన్ను తెగితే పక్కది నిలబడుతుంది. ఊలు అల్లికలో ముడి అన్నదే లేదు.

లేసు తెలిసినవాళ్లు కొత్తలో బెదిరేది ఇక్కడే. వాళ్ల దగ్గరే మందూ ఉంది. జారిన కుట్టును కింద నుంచి ఒక్కో మెట్టూ పైకి ఎక్కించి మళ్లీ సూది మీద పెట్టడానికి క్రోషా సూదిని మించిన సాధనం లేదు. కాకపోతే నరసాపురం సూది ఊలుకి మరీ సన్నం, పోగును చీలుస్తుంది. 3 నుంచి 4 మిల్లీమీటర్ల లావు కొక్కెం ఒకటి కొనుక్కుంటే నయం.

ఇంకో వరం కూడా ఉంది. లేసు అల్లేవాళ్లకి దారం ఎడమచేతి వేళ్ల మీంచి ఆడటం అలవాటు. ఊలు అల్లికలో రెండు పద్ధతులున్నాయి. దారాన్ని కుడిచేత్తో తిప్పి సూదికి చుట్టడం ఒకటి, దారాన్ని ఎడమ చూపుడువేలి మీద ఉంచి కుడిచేతి సూదితో అందుకోవడం రెండోది. రెండోదాన్ని కాంటినెంటల్ అంటారు. పక్కింటి హిందీ ఆంటీ కుడిచేత్తో నేర్పిస్తుంటే ''నాకు చెయ్యి తిరగట్లేదండీ'' అని వదిలేసేవాళ్లు చాలామంది ఎడమచేత్తో అయితే అరగంటలో పట్టుకుంటారు. నలభై ఏళ్ల అలవాటును వదులుకోమనడం దేనికి?

అంకెల తికమక

ఇక సూదులు. ఏలూరు బజారులో ఫ్యాన్సీ, కుట్టుసామాను దుకాణాల్లో సాధారణంగా దొరికేది అల్యూమినియం జత. ఒక కొన మొన, రెండో కొన బిళ్ల. వాటి మీద 8, 10, 12 అని అంకెలుంటాయి.

''లావుగా ఉండేది ఇవ్వు బాబూ, నేర్చుకోడానికి'' అంటుందామె.

''పన్నెండు ఇచ్చెయ్యనా అమ్మగారూ?''

అది తీసుకుంటే పొరపాటే. ఇండియాలో చాలా సూదుల మీద ఉండేది పాత బ్రిటిష్ లెక్క. అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 12 అంటే 2.75 మిల్లీమీటర్లు. 10 అంటే 3.25. 8 అంటే 4. 6 అంటే 5. ఉక్కు లేసు సూదులకీ అంకె పెద్దదైతే సూది సన్నమే కాబట్టి ఈ తలకిందుల లెక్క ఆమెకి కొత్తేం కాదు. అసలు చిక్కు అమెరికా కూతురితోనే! అమెరికా లెక్కలో అంకెతో పాటే లావూ పెరుగుతుంది. అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు, 6 అంటే 4. ''ఎనిమిదో నంబరుతో అల్లమ్మా'' అని కూతురు అక్కడి పుస్తకం చూసి చెబితే, అమ్మ ఇక్కడ ఎనిమిదే కొని అల్లితే, బిడ్డ టోపీ బొమ్మ టోపీ అవుతుంది. అంకె వదిలేసి మిల్లీమీటర్లలో అడగడం ఒక్కటే దారి. మొదటి జతకి 4 నుంచి 5 మిల్లీమీటర్ల మధ్యది బాగుంటుంది. మరీ సన్నమైతే కుట్లు కనపడవు. మరీ లావైతే, సన్న సూదికి అలవాటుపడిన వేళ్లకి కర్ర పట్టుకున్నట్టుంటుంది.

లావు తేలిందా, తర్వాత దేనితో చేసిన సూది అన్నది. కొత్తవాళ్లకి వెదురో చెక్కో తీసుకోమని చెప్పడం ఆనవాయితీ. కారణముంది. అల్యూమినియం నున్నన, కుట్లు తొందరగా జారతాయి. వెదురు కాస్త పట్టి ఉంచుతుంది. బరువు తక్కువ. పట్టుకుంటే చల్లగా, వేడిగా అనిపించదు. కొల్లేరు గాలికి అరచేతులు చెమర్చే చోట వెదురు సూది చేతికి హాయి. చెమటకి కొన్ని లోహపు సూదులు చేతులకి నల్లటి మరక అంటిస్తాయి, లేత రంగు ఊలుకీ అది అంటుతుంది.

అయితే లేసు చేతి విషయంలో ఈ ఆనవాయితీని కళ్లు మూసుకుని ఒప్పుకోలేం. లేసుకి దారం బిగువుగా లాగాలి, లేకపోతే పువ్వు నిలబడదు. ఆ బిగువు ఊలు మీదా చూపిస్తే ఉచ్చులు వెదురుని కౌగిలించుకుని కదలవు. ఒక్కో కుట్టునీ బొటనవేలితో తోయాల్సి వస్తుంది. సాయంత్రానికి బొటనవేలి మొదట్లో నొప్పి. అలాంటి చేతికి బాగా నునుపు తేల్చిన చెక్క సూదో, మంచి పూత ఉన్న లోహపు సూదో మేలు. లేదా వెదురే ఉంచుకుని ఒక సైజు లావుది తీసుకోవాలి. ఎలా తెలుస్తుంది? రెండు రకాలవీ ఒక్కో జత కొని, ఇరవై కుట్లు వేసి పది వరసలు అల్లి చూడటమే. పెద్ద ఖర్చేం కాదు. అల్యూమినియం జత ఎటూ చవక, వెదురు కాస్త ఎక్కువ, రంగులద్దిన చెక్క సూదులు ఇంకాస్త ఎక్కువ. ఇవన్నీ విదేశాల నుంచి రావాలేమో అనుకోనక్కర్లేదు. పోనీ సూదుల నీడిల్ ఇండస్ట్రీస్ 1949 నుంచి నీలగిరుల్లో పనిచేస్తోంది. చెక్క సూదులతో ప్రపంచమంతా తిరిగే నిట్‌ప్రో కూడా మన దేశపు పేరే.

డబ్బు పెట్టే ముందు రుచి చూద్దామనుకుంటే పల్లెలో వెదురుకేం కరువు? పెన్సిలంత సన్నటి గుండ్రటి వెదురు పుల్లలు రెండు, పిల్లల షార్ప్‌నర్‌తో మొన, గరుకు కాగితంతో నునుపు, పైన కొవ్వొత్తి రుద్దడం. ఒక ఈనె కూడా లేచి ఉండకూడదు, ఊలుని పట్టేసుకుంటుంది. మొన మరీ సూదిలా ఉంటే పోగు చీలుతుంది, వేలికొన నొక్కినప్పుడల్లా నొప్పి. మరీ మొద్దైతే బిగువు కుట్టులో దూరదు. బిగువు చేతులకి కాస్త మొన ఉన్నదే మేలు.

బరువు ఎవరు మోయాలి?

సూది ఎంత మంచిదైనా పొడుగు సంగతి మరిచిపోతారు. పధ్నాలుగు అంగుళాల జతమీద సగం స్వెటర్ వేలాడుతుంటే ఆ బరువంతా మణికట్లదే. లేసు అల్లే మనిషి చేతిలో ఉండేది అరచేతంత ముక్క. ఆ చేతిని ఒక్కసారిగా ఇంత బరువుకి అలవాటు చేయడం అన్యాయం. నేర్చుకోవడానికి పది అంగుళాలవి చాలు. ఇంకా మంచి దారి గుండ్రటి సూది. రెండు పొట్టి సూదుల్ని సన్నటి తీగతో కలుపుతారు. అల్లిన బట్ట తీగ మీదకి జారి ఒళ్లో కూర్చుంటుంది. చేతులు మొనలు ఆడిస్తే చాలు. పడక్కుర్చీలో కూర్చున్నా పక్కవాళ్ల మోచేతికి తగలదు, సూది ఒకటి మంచం కిందకి దొర్లిపోదు. దాంతో గుండ్రంగానే కాదు, అటూ ఇటూ తిప్పుతూ తిన్నగానూ అల్లుకోవచ్చు.

కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే... తీగ, సూది కలిసే చోటు. కాస్త ఊలు పోగు దానిమీద లాగి చూడాలి. ఎక్కడైనా తట్టిందంటే ప్రతి కుట్టూ అక్కడ తడుతుంది. తీగ మొండిగా స్ప్రింగులా చుట్టుకుంటుంటే గోరువెచ్చని నీళ్లలో కాసేపు ముంచి తిన్నగా లాగితే మెత్తబడుతుంది.

చేతుల గురించి ఒక మాట తప్పదు. చెరువులొచ్చాక వరినాట్లూ కోతలూ తగ్గిన ఈ ఊళ్లలో, కూలి పనులు దొరకనప్పుడు ఆడవాళ్లకి చేతిపనే ఆధారం. లేసు సూది పట్టే వేళ్లు చెడితే నష్టం టోపీతో పోదు. అందుకే అరగంట అల్లాక సూదులు పక్కనపెట్టి వేళ్లు విప్పి, మణికట్టు తిప్పి, ఏదో పని చూసుకుని మళ్లీ కూర్చోవాలి. సూదిని గుప్పెట్లో బిగించక్కర్లేదు, పెన్సిలు పట్టినంత చాలు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందంటే మాత్రం సూది మార్చి ప్రయోజనం లేదు, డాక్టరుకి చూపించుకోవాలి. నరం నొక్కుకుపోతున్నదనడానికి అది గుర్తు.

ఊలు కూడా సూది ఎంపికలో భాగమే. లేసు నూలు సాగదు. సాగని దారంతో నిట్టింగ్ మొదలుపెడితే ప్రతి కుట్టుకీ వేళ్లే వంగాలి. ఊలు, అక్రిలిక్ అయితే దారమే వంగుతుంది. మొదటిసారి లేత రంగు, నూనెదీపం వెలుతురులోనైనా కుట్టు కనపడేంత మధ్యరకం లావు. ఏలూరులో ఊలుకి కొదవేమిటి, తివాచీల ఊరు కదా అనొచ్చు. నిజమే, ఏలూరు ఊలు తివాచీల పేరు శతాబ్దాల నాటిది. కానీ అది పాదాల కింద నలిగినా నిలబడాల్సిన ఊలు. పసిబిడ్డ నుదుటికి కాదు. బజారులో వర్ధమాన్ లాంటి ఉండల్లో 'బేబీ' అని ఉన్నది తీసుకుని బుగ్గకి రుద్దుకుని చూడాలి. గుచ్చుకుంటే వద్దు.

డెబ్భై రెండు కుట్లు

పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. అల్లిక సాగుతుంది కనుక టోపీ 32, 33 ఉంటే చక్కగా పట్టుకుంటుంది. 4 మిల్లీమీటర్ల సూదితో, పది సెంటీమీటర్లకి 22 కుట్లు పడేలా అల్లే చేతికి 72 కుట్లు వేస్తే ఆ కొలత వస్తుంది. పది సెంటీమీటర్లకి తనకెన్ని పడుతున్నాయో ముందు ముక్క అల్లి లెక్కపెట్టుకోవాలి. బిగువు చేతికి 26 పడ్డా ఆశ్చర్యం లేదు. అప్పుడు కుట్లు పెంచడం కంటే సూదిని లావుది మార్చడం మేలు, టోపీ మెత్తగా వస్తుంది. అంచు నాలుగైదు వరసలు రెండు నిట్, రెండు పర్ల్. ఆపైన గుండ్రంగా ఉత్త నిట్. టోపీకి గుండ్రటి సూది తీగతో కలిపి 40 సెంటీమీటర్లదైనా అంత చిన్న చుట్టుకి పొడుగే అవుతుంది. 80 సెంటీమీటర్లదైతే తీగని మధ్యలో మడిచి పక్కకి లాగి సర్దుకోవచ్చు. లేదంటే రెండు కొనలా మొనలుండే అయిదు సూదుల సెట్టు. లేసు చేసినవాళ్లకి ఆ అయిదు సూదుల్ని చూస్తే భయం వేస్తుందిగానీ, ఒక్కసారి తిరిగితే రెండోసారి అదే దారిలో పడుతుంది.

అమెరికా వెళ్లేటప్పుడు సూదుల్ని చేతిసంచిలో కాకుండా పెద్ద పెట్టెలో పెట్టుకుంటే ఏ విమానాశ్రయంలోనూ వాదన ఉండదు. అక్కడ బిడ్డను బయటికి తీసుకెళ్లినప్పుడు టోపీ పెట్టాలి. ఇంట్లో పడుకోబెట్టేటప్పుడు తీసేయాలని అక్కడి పిల్లల డాక్టర్లు చెబుతారు. అమ్మమ్మకి నచ్చకపోవచ్చు, ''పసిబిడ్డ తల కప్పకపోతే ఎలాగమ్మా'' అంటుంది. హీటరు వేసిన గదిలో తల కప్పితే ఒళ్లు అతిగా వేడెక్కుతుందన్నది వాళ్ల భయం.

పైన పువ్వొకటి పెట్టందే నరసాపురం చేతికి తోచదు. పెట్టొచ్చు. ఊడి బిడ్డ నోట్లోకి పోకుండా గట్టిగా కలపాలి. అది అతుకుపని. దాన్ని మాత్రం ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు.